నీళ్లు తాగని బడి

"మా బడిలో ఒక్క పిల్ల కూడా పాఠం మధ్యలో లేచి బయటికి పోదు సార్. అంత క్రమశిక్షణ."

తనిఖీకి వచ్చిన ప్రతి అధికారితోనూ మా హెడ్మాస్టరు రామమూర్తిగారు ఈ మాట చెప్పేవారు. వచ్చినాయన తల ఊపి, కాఫీ తాగి, పుస్తకంలో రెండు మంచి ముక్కలు రాసి పోయేవాడు. నేను వాళ్ల వెనక రిజిస్టర్లు పట్టుకుని నిలబడేవాణ్ని. మూడువందల పైచిలుకు ఆడపిల్లలు ఉదయం తొమ్మిదిన్నర నుంచి సాయంత్రం నాలుగున్నర దాకా ఒక్కసారి కూడా ఎందుకు లేవరో నాకు తెలుసు. తెలిసీ రిజిస్టర్లు పట్టుకుని నిలబడ్డాను. గౌరమ్మ టీచరు గురించి రాయడానికి కూర్చున్నప్పుడు ముందు ఈ సంగతి ఒప్పుకోవడం న్యాయం.

అది పుంగనూరులో ఒక బాలికల ఉన్నత పాఠశాల. నేను అక్కడ జూనియర్ అసిస్టెంటును. బడి వెనక గోడవారగా రెండు గదుల మరుగుదొడ్డి ఉండేది. 1994లో కట్టారు. తెల్లటి పింగాణీ, నీలిరంగు తలుపులు, తలుపుల పైన 'బాలికలు' అని ముచ్చటైన అక్షరాలు. ప్రారంభించిన రోజు ఫోటో తీశారు. మర్నాడు దాని ముందరి గేటుకు తాళం వేశారు. పిల్లలు పాడు చేస్తారు, నీళ్లు సరిగా రావు, ఆఫీసర్లు వచ్చినప్పుడు చూపించడానికి శుభ్రంగా ఉండాలి అని రామమూర్తిగారి వాదం. ఏడాదికి రెండుసార్లు, తనిఖీకి ముందురోజు, ఆయా మునిలక్ష్మమ్మ తాళం తీసి ఫినాయిలు చల్లి మళ్లీ వేసేది. తాళంచెవి నా బల్ల సొరుగులో, రబ్బరు స్టాంపుల పక్కన ఉండేది.

మగ అయ్యవార్లకు సైకిల్ షెడ్డు వెనక గోడ ఉంది. ఆడ టీచర్లు మధ్యాహ్నం పూట పక్కింటికి పోయి వచ్చేవారు. పిల్లలకు ఏదీ లేదు. అందుకని వాళ్లు తమ పద్ధతి తామే కనిపెట్టుకున్నారు. పొద్దున లేచింది మొదలు బడి వదిలేదాకా దాదాపు నీళ్లు ముట్టరు. ఆరో తరగతిలో చేరిన పిల్లకు పెద్దపిల్లలు మొదటి వారంలోనే నేర్పేవాళ్లు: ఇంటి దగ్గర కాఫీ తాగొద్దు, మధ్యాహ్నం అన్నం తిన్నాక గొంతు తడిసేంత చాలు, పరుగెత్తే ఆటలు వద్దు, చెమట పోస్తే దాహమవుతుంది. బడి ముందర కొళాయి ఉండేది. దాని కింద సిమెంటు గచ్చు ఎప్పుడూ ఎండిపోయి తెల్లగా ఉండేది. మూడువందల మంది పిల్లలున్న చోట కొళాయి కింద తడి లేకపోతే ఎవరికైనా అనుమానం రావాలి. ఐదేళ్లలో ఒక్క అధికారికీ రాలేదు.

1998 జూన్‌లో గౌరమ్మ టీచరు మా బడికి సైన్సు చెప్పడానికి వచ్చింది. ఊరు శాంతిపురం దగ్గర ఒక పల్లె. తండ్రి రాతిక్వారీలో పనిచేసేవాడు. హైస్కూలు చదువుకు రోజూ కుప్పానికి బస్సులో పోయి వచ్చింది, డిగ్రీ, బి.ఎడ్. మదనపల్లెలో చదివింది. ముప్పై ఐదేళ్లుంటాయి. పొట్టిగా ఉండేది, గొంతు మాత్రం పెద్దది. ఎక్కడికి పోయినా చేతిలో రెండు లీటర్ల నీళ్ల సీసా. గంట కొట్టినప్పుడల్లా మూత తిప్పి గుటగుటా తాగేది. స్టాఫ్‌రూములో నవ్వుకునేవారు.

"గౌరమ్మ టీచరు ఒంటె మాదిరి" అన్నారొకరు ఆమెకు వినబడేటట్టే.

"ఒంటె దాచిపెట్టుకుంటాదంటప్పా. నేను దాచిపెట్టుకోను. అంతే తేడా" అని మూత బిగించింది ఆమె.

ఆ నవంబరులో తొమ్మిదో తరగతికి విసర్జన వ్యవస్థ పాఠం వచ్చింది. మామూలుగా ఆ పాఠం ఎలా నడిచేదో నాకు తెలుసు. సైన్సు గదికీ ఆఫీసుకూ మధ్య ఒక చెక్క అడ్డు తప్ప గోడ లేదు. పాత అయ్యవారు పటం వేలాడదీసి, బెత్తంతో నాలుగు చోట్ల కొట్టి, "మూత్రపిండాలు, మూత్రనాళాలు, మూత్రాశయం, రాసుకోండి" అని ముగించేవాడు. గౌరమ్మ టీచరు అలా ముగించే మనిషి కాదు. ఆ పాఠానికి ముందురోజు ఆమె సంతవీధిలో చాంద్ బాషా మాంసం దుకాణం దగ్గర నిలబడి కనిపించింది. నేనూ అక్కడే ఉన్నాను.

చాంద్ బాషా నలభై దాటిన మనిషి. మాట మెత్తన, చెయ్యి చురుకు. "టీచరమ్మా, ఏం కావాల? తొడా, ఎదా?" అన్నాడు.

"గుర్దాలు రెండూ కావాల బాషన్నా. ఒకే గొర్రెవి." మూత్రపిండాలను అక్కడ గుర్దాలంటారు.

"కూరకా, వేపుడుకా?"

"పాఠానికి."

అతను కత్తి ఆపాడు. ఆమె వేళ్లు మడుస్తూ చెప్పింది. "రెండూ విడిగా తీయొద్దు. చుట్టూ ఉండే కొవ్వు గీకొద్దు, దాంట్లో గింజ మాదిరి ఒకటుంటాది, అది పోగూడదు. గుర్దాల్లో నుంచి దారాల మాదిరి రెండు గొట్టాలు దిగతాయి గదా, అవి తెగగూడదు. కింద ఉచ్చబుడ్డతో సహా అంతా ఒకే వరసగా కావాల."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు.

"ఉచ్చబుడ్డ కూడానా? కుక్కల్ని అడగల్ల టీచరమ్మా, వాటి వాటా అది" అన్నాడు చాంద్ బాషా. తర్వాత నవ్వు ఆపి ఆలోచించాడు. "ఇరవై రెండేండ్లుగా కోస్తాండాను. అంతా ఒకే వరసగా తీసియ్యమని అడిగినోళ్లు లేరు. రేపు నేనే తీసి, నేనే తెస్తా. ఇంగొకరి చేతిలో పెడితే తెంపేస్తారు. మా పాప మెహ్రీన్ మీ తొమ్మిదో తరగతే."

మర్నాడు స్టీలు పళ్లెంలో అరిటాకు పరిచి తెచ్చాడు. ఆ పనితనం చూడాలి. రెండు గుర్దాలు, పక్కన కొవ్వులో ఒదిగిన ఎర్రటి గింజలు, సన్నటి నాళాలు రెండూ ఎక్కడా తెగకుండా వచ్చి కింద ముడుచుకున్న తిత్తిలో కలిశాయి. గౌరమ్మ టీచరు వంగి నాళాలు రెండూ వేలితో చివరిదాకా తడిమి చూసింది. "ఏ కాలేజీలోనూ ఇంత బాగా తీసింది సూడలేదు బాషన్నా" అంది.

అతను సంతోషించాడు గానీ, గోడమీది పటం చూసి మొహం చిట్లించాడు. "ఆ బొమ్మ తప్పు తల్లీ. ఎడమది పైనేసి కుడిది కింద ఏసినారు. కుడి గుర్దా పైనుంటాది, పక్కటెముకల్లోకి దూరి. ఎడమదే కిందికి యాలాడతా ఉంటాది."

"అది గొర్రెకన్నా. దాని పెద్ద పొట్ట ఎడమ పక్కుండి నూకేస్తాది. మనిషికి కుడిపక్క పైన కాలేయం కూసుంటాది, అందుకని కుడిదే రవ్వంత కిందుంటాది."

"గొర్రెకు లేదా కాలేయం? నేను చేత్తో పట్టుకున్నోణ్ని, మీరు బొమ్మలో సూసినోళ్లు" అని నవ్వుతూ, నమ్మకుండానే వెళ్లిపోయాడు. ఆ మాట పట్టుకుని ఉండండి, మళ్లీ దాని దగ్గరికి రావాలి.

పాఠం చెక్క అడ్డుకు ఇవతల కూర్చుని నేనూ విన్నాను. ముప్పై ఏళ్లు బడుల్లో పనిచేసి నేను పూర్తిగా విన్న పాఠం అదొక్కటే. ఆమె గుర్దాను నిలువునా కోసి లోపలి రంగులు చూపించింది. ఒంట్లో రక్తమంతా రోజుకు ఎన్నోసార్లు ఇందులోకి వచ్చి కడుక్కుని పోతుందని చెప్పింది. మనిషికి వీటి నెత్తిన టోపీల్లాగా అధివృక్క గ్రంథులు కూర్చుంటాయని, భయమేసినా కోపమొచ్చినా అవి రసం వదిలితే గుండె దడదడలాడుతుందని చెప్పింది.

"బెదిరిన గొర్రెను కోస్తే కూర గట్టిగా ఉంటాదని మా నాయన అంటాడు టీచర్" అంది మెహ్రీన్.

"మీ నాయన కరెక్టు. ఆ గింజ పనే అది" అంది టీచరు. అప్పటినుంచి ఆమెకు కోపమొస్తే పిల్లలు "టీచరుకు టోపీలు లేసినాయి" అనుకునేవారు.

తర్వాత సూదిలేని సిరంజితో ఒక నాళంలోకి ఎర్రసిరా కలిపిన నీళ్లు ఎక్కించింది. ఇది ఉత్త గొట్టం కాదు, మనం గుటక వేసినట్టు అలలు అలలుగా కిందికి తోస్తుంది అని చెబుతూ ఇంకా ఎక్కించింది. ముడుచుకున్న తిత్తి మెల్లగా ఉబ్బి ఎర్రటి బుడగ అయింది. పిల్లలు ఓ అన్నారు. సగం నిండగానే ఇది మెదడుకు కబురు పంపుతుంది అంది. ఆ కబురు వినకుండా రోజూ బిగబట్టుకుంటే, చాలినన్ని నీళ్లు తాగకుండా మురగబెట్టుకుంటే, కింద పుట్టిన చీడ ఈ నాళాల గుండానే పైకెక్కి గుర్దాను తింటుంది అంది.

ఆపి అడిగింది. "పొద్దున నుంచి నీళ్లు తాగినోళ్లు చెయ్యెత్తండి."

నలభై రెండు మంది. అడ్డు సందులోంచి చూశాను. ఒక్క చెయ్యి లేవలేదు.

"యాల తాగలేదు?"

 చివరికి మెహ్రీన్ లేచింది. "తాగితే యాడికి పోవాల టీచర్?"

ఇవతల నా బల్ల సొరుగు నా మోకాళ్లకు తగులుతూ ఉంది.

గంట కొట్టగానే ఆమె నా దగ్గరికి వచ్చింది. "మునిచంద్రన్నా, ఎనక గదుల తాళంచెవి నీ దగ్గరే గదా ఉండేది."

"హెడ్మాస్టరు ఆర్డరు లేకుండా ఇయ్యగూడదు టీచరమ్మా."

"తాళమెయ్యమని ఆర్డరు రాతలో ఉండాదా?"

"లేదు. నోటిమాట."

"మూడువందల మందిని ఉచ్చ ఆపుకోమనేది కూడా నోటిమాటేనా?"

ఆమె రామమూర్తిగారి గదిలోకి పోయింది. మాటలన్నీ బయటికి వినిపించాయి.

"మీరు సైన్సు టీచరు. సైన్సు చెప్పండమ్మా. కక్కసుల సంగతి నేను చూసుకుంటాను."

"సైన్సులో ఇప్పుడొచ్చిన పాఠం అదే సార్."

"ఐదేళ్లుగా ఒక్క తల్లిగానీ తండ్రిగానీ వచ్చి అడగలేదు. ఎవరికీ లేని ఇబ్బంది మీకేమిటి?"

"ఆ మాట ఆడపిల్ల ఇంట్లో చెప్పుకోదు సార్. చెప్పుకోలేదు కాబట్టి ఇబ్బంది లేదంటే ఎట్లా?"

"క్రమశిక్షణ అలవాటైన పిల్లల్ని చెడగొట్టకండి" అన్నారాయన. అంతటితో అయిపోయింది. దాహాన్ని చంపుకోవడాన్ని క్రమశిక్షణ అని పేరు పెట్టి, దాన్ని తన గొప్పగా అధికారులకు అమ్ముకున్న మనిషి సాయంత్రం ఇంటికి పోయి హాయిగా నిద్రపోయేవాడు. నేనూ పోయేవాణ్ని.

జనవరిలో మెహ్రీన్ బడికి రావడం మానేసింది. మొదటి రోజు చలిజ్వరం అన్నారు. నడుముకు కుడిపక్క నొప్పి. చాంద్ బాషా బిడ్డను బోర్లా పడుకోబెట్టి వేళ్లతో నొక్కి చూశాడు. నొప్పి పక్కటెముకల కిందుగా ఉంది. కుడి గుర్దా అంత కింద ఉండదు, ఇరవై రెండేళ్లుగా చేత్తో పట్టుకున్నవాడికి ఆ మాత్రం తెలియదా? గుర్దా కాదు, బిందె ఎత్తినప్పుడు నరం పట్టేసింది అని తీర్మానించాడు. భార్య అజీజాబీ ఆస్పత్రికి పోదామంటే వినలేదు. ఐదు రోజులు వెచ్చటి నువ్వులనూనెతో తనే తోమాడు. అంత పనితనం గల ఆ చేతులు ఐదు రోజులూ ఉడుకుతున్న గుర్దా మీదే తోముతూ ఉన్నాయి. ఆరో రోజు పిల్ల వాంతులు చేసుకుని స్పృహ తప్పింది. జీపులో మదనపల్లె తీసుకుపోయారు.

గౌరమ్మ టీచరు ఆదివారం పొద్దున బస్సెక్కింది. నేనూ వెంట వెళ్లాను. ఎందుకు వెళ్లానో అప్పుడు నాకే తెలియదు.

ఆస్పత్రి వరండాలో చాంద్ బాషా గొంతుక్కూర్చుని ఉన్నాడు. మమ్మల్ని చూసి లేవలేదు. "మీ బొమ్మే కరెక్టు తల్లీ" అన్నాడు. "కుడిదే కిందుంటాదంట. డాక్టరు స్కానింగులో సూపించినాడు. వాచిపోయుండాది. ఇంగో రెండు రోజులు ఆలస్యమైతే ఆ గుర్దా పోయేదన్నాడు."

ఆమె పక్కనే నేలమీద కూర్చుంది.

"డాక్టరు అడిగినాడు, పిల్ల నీళ్లు తాగదా అని. తాగతాది సార్, మా ఇంట్లో నీళ్లకేం తక్కువ అన్నా. అప్పుడు పాప చెప్పింది." అతని గొంతు మెత్తగానే ఉంది. "మీ బడిలో దొడ్డి లేదా టీచరమ్మా?"

"ఉండాది."

"ఉంటే?"

"తాళమేసుండాది."

"యాల?"

ఆమె నా వైపు చూడలేదు. చూసి ఉంటే బాగుండేది.

"కోసేముందు గొర్రెకు నీళ్లు తాపిస్తాం తల్లీ" అన్నాడు చాంద్ బాషా. "దాహంతో ఉన్నదాన్ని కోయగూడదు. మా తాత నాకు కత్తి ఇచ్చే ముందర ఆ మాట నేర్పించినాడు. సంత నుంచి తోలుకొచ్చేటోడు కూడా దారిలో రెండుసార్లు నిలబెడతాడు, అవి ఉచ్చ పోసుకునేదానికి. మీరంతా చదువుకున్నోళ్లు. మీకెవురూ నేర్పించలేదా?"

నేను ఎన్నో పుస్తకాలు చదివాను. మనిషిని నిలబెట్టి అడిగిన అంత సూటి ప్రశ్న ఏ పుస్తకంలోనూ చూడలేదు.

గౌరమ్మ టీచరు సంచిలోంచి తన పాఠ్యపుస్తకం తీసి, మధ్యలో మడిచిపెట్టిన ఒక పాత మందుచీటీ చూపించింది. వెనక పెన్సిలుతో రెండు చిక్కుడు గింజలు, రెండు గీతలు, ఒక తిత్తి. కుడి గింజ మీద అడ్డంగా గీత. "నేను ఈ ఊర్లో బి.ఎడ్. చదివేటప్పుడు ఒక డాక్టరమ్మ గీసిచ్చింది. కుప్పం బస్సుల్లో తిరిగి చదివిన ఐదేండ్లూ నేను పగలు నీళ్లు తాగలేదన్నా. నా కుడిది ముడుచుకుపోయింది. ఒక్కదాంతోనే ఉండాను. మా నాయనకు సచ్చేదాకా చెప్పలేదు."

చాంద్ బాషా ఆ కాగితాన్ని చూసి తిరిగిచ్చాడు. "పాపను ఇంగ బడికి పంపను" అన్నాడు. "వచ్చే ఏడు పదో తరగతి. పాప చదవల్లనే అంటాది. నాకూ ఆశుండాది. కానీ గుర్దా ఇచ్చి చదువు కొనలేను. మీ తాళం తీసిన్నాడు వచ్చి చెప్పండి, నేనే తీసుకొచ్చి దింపుతా."

లోపల మెహ్రీన్ మంచం మీద కూర్చుని ఉంది. అజీజాబీ గ్లాసులో నీళ్లు అందించింది. ఆ పిల్ల గ్లాసు పట్టుకునే ముందు తల తిప్పి బాత్రూము తలుపు ఎటుందో చూసుకుంది. చూసుకున్నాకే తాగింది. గౌరమ్మ టీచరు అది చూసి బయటికి వచ్చేసింది.

ఫిబ్రవరి ఆఖరులో తనిఖీ. ముందురోజు మునిలక్ష్మమ్మ యథాప్రకారం ఫినాయిలు చల్లి తాళం వేసి తాళంచెవి నాకిచ్చింది. ఆ ఉదయం నేను తొమ్మిదికే వచ్చాను. గౌరమ్మ టీచరు నాకంటే ముందే వచ్చి కొళాయి దగ్గర నిలబడి ఉంది. చేతిలో రెండు స్టీలు గ్లాసులు. గేటు దాటి వచ్చిన ప్రతి పిల్లనూ ఆపుతోంది.

"రెండు గ్లాసులు తాగి లోపలికి పోండి."

"టీచర్, ఈ పొద్దు ఆఫీసరు వస్తాడంట" అంది రోజా అనే పిల్ల బెదురుగా.

"అందుకే తాగమనేది."

"మళ్ల వస్తే?"

"వస్తే లేసి నిలబడి అడుగు. అడిగేది తప్పు కాదు."

రోజా తాగింది. వెనక హరిత తాగింది. అలా అందరూ తాగారు. నేను అక్కడే నిలబడి కొళాయి కింద సిమెంటు గచ్చు చూశాను. ఐదేళ్లలో మొదటిసారి అది నల్లగా తడిసింది. ఆఫీసులోకి పోయి, సొరుగు తీసి, తాళంచెవి చొక్కా జేబులో వేసుకున్నాను. ఏం చేస్తానో నిర్ణయించుకోలేదు. సొరుగులో ఉండకూడదని మాత్రం అనిపించింది.

పదకొండుంపావుకు అధికారి తొమ్మిదో తరగతిలో ఉన్నాడు. గౌరమ్మ టీచరు పాఠం చెబుతోంది. రామమూర్తిగారు గుమ్మంలో నిలబడి ఎప్పటి మాటే అన్నారు. "మా బడిలో ఒక్క పిల్ల కూడా పాఠం మధ్యలో లేచి..."

రోజా లేచి నిలబడింది. "టీచర్, బయటికి పోవాల."

"పో అమ్మా."

హరిత లేచింది. దాని వెనక నలుగురు. తర్వాత బెంచీలు బెంచీలుగా లేచారు. పక్క గదిలోంచి, ఎదురు గదిలోంచి కూడా పిల్లలు రావడం మొదలుపెట్టారు. ఎవరూ అరవలేదు, తోసుకోలేదు. వరసగా వరండా దిగి, వెనక్కి నడిచి, ఆ గేటు ముందర నిలబడ్డారు. అధికారి ఏమిటిది అన్నట్టు వెంట నడిచాడు. ఎండలో వందమందికి పైగా ఆడపిల్లలు, వాళ్ల ముందర శుభ్రంగా మెరుస్తున్న తాళం.

"తాళమెందుకు వేసుంది?" అన్నాడాయన.

రామమూర్తిగారు నా వైపు తిరిగారు. "ఏం మునిచంద్రా, ఇంకా తాళం తీయలేదేం? రోజూ చెప్పాలా నీకు?"

అదీ ఆయన మాట. తొణక్కుండా, ఒక చెమటచుక్క కూడా పట్టకుండా అన్నారు. మనిషి గుర్దాల నెత్తిన టోపీల్లాంటి గ్రంథులుంటాయంటారే, నా రెండూ ఆ క్షణాన ఒక్కసారిగా పిండుకున్నాయి. గుండె చెవుల్లో కొట్టుకుంది. అయినా గట్టిగా ఏమీ అనలేకపోయాను. ఆయన చెయ్యి చాపితే ఆ చేతిని దాటిపోయి, తాళంచెవి గౌరమ్మ టీచరు చేతిలో పెట్టాను. నేను చేసింది అంతే. అంతకంటే ఎక్కువ చేశానని చెప్పుకోను.

ఆమె తాళం తీసింది. లోపల పింగాణీ మీద కంపెనీవాళ్లు అంటించిన కాగితం ఇంకా ఊడలేదు. ఐదేళ్లు వాడకుండా కాపాడిన కక్కసు. కొళాయి తిప్పితే గాలి వచ్చింది. మునిలక్ష్మమ్మ, పదో తరగతి పిల్లలు ముందరి కొళాయి నుంచి బకెట్లు చేతులు మార్చుకుంటూ నీళ్లు తెచ్చారు. అధికారి పుస్తకంలో ఏమీ రాయకుండా పోయాడు.

సాయంత్రం గౌరమ్మ టీచరు తాళాన్ని కొంగులో కట్టుకుని సంతవీధికి పోయింది. చాంద్ బాషా మాంసం నరికే మొద్దు మీద దాన్ని పెట్టింది.

"ఇదో అన్నా. గేటుకు ఇంగ తాళం లేదు."

అతను చేతులు తుడుచుకుని తాళాన్ని ఎత్తి చూశాడు. "ఇంగోటి కొని ఏస్తే?"

"నేనుండంగా ఎయ్యరు."

"మీరు లేనప్పుడు?"

"పిల్లోళ్లు అడగను నేర్చుకున్నారన్నా. అది మరిచిపొయ్యేది కాదు."

మర్నాడు అతను మెహ్రీన్‌ను సైకిల్ వెనక కూర్చోబెట్టుకుని వచ్చాడు. బిడ్డను లోపలికి పంపే ముందర తనే వెనక్కి పోయి, గేటు చూసి, తలుపు తోసి చూసి వచ్చాడు. తర్వాతి ఏడాది ఆ పిల్ల పదో తరగతి పాసైంది. తర్వాత పలమనేరులో పెళ్లయింది. తన కూతురిని బడిలో చేర్చేముందు మొదట ఏ గది చూసి వచ్చిందో చాంద్ బాషా నాకు చెప్పాడు.

గౌరమ్మ టీచరుకు మార్చిలో మెమో వచ్చింది. 'విద్యార్థినులను క్రమశిక్షణ ఉల్లంఘనకు ప్రేరేపించినందుకు.' టైపు చేసింది నేనే. జూన్‌లో కుప్పం అవతల, సరిహద్దు పల్లెకు బదిలీ చేశారు. 2002లో రామమూర్తిగారు రిటైరైనప్పుడు సన్మానపత్రం రాయమని నన్ను అడిగారు. 'బాలికల సౌకర్యార్థం మరుగుదొడ్లు నిర్మింపజేసిన దార్శనికులు' అనే వాక్యం ఉండాలన్నారు. నేను ఆ చోట ఖాళీ వదిలాను. ఇంకెవరో చేత్తో పూరించారు. సభలో చప్పట్లు కొట్టారు.

2005లో కుప్పం బస్టాండులో గౌరమ్మ టీచరు కనిపించింది. మొహం ఉబ్బింది, పాదాలు వాచాయి. ఉన్న ఒక్క గుర్దా కూడా అలిసిపోతోందని, బెంగళూరు ఆస్పత్రికి పోయి వస్తున్నానని మామూలుగా చెప్పింది. ఈసారి చేతిలో సీసా చిన్నది. డాక్టరు ఇప్పుడు నీళ్లు కొలిచి తాగమన్నాడట. "సూడు మునిచంద్రన్నా, తాగాల్సినప్పుడు తాగనీలేదు, ఇప్పుడు తాగొద్దంటాండారు" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఆమె మరుసటేడు పోయింది. ఎవరి మీద కేసు పెట్టాలి? ఏ బస్సు మీద, ఏ బడి మీద? ఎవరి బల్ల సొరుగు మీద?

తాళం సంగతి ఒకటి మిగిలింది. ఆమె బదిలీ అయి పోయిన వారానికే అది బడి ఆస్తి అని, స్టాకు రిజిస్టరులో ఉందని, తెప్పించమని రామమూర్తిగారు నన్ను చాంద్ బాషా దుకాణానికి పంపారు. అది అక్కడ మాంసం వేలాడదీసే కొక్కేల వరసలో చివరి కొక్కేనికి వేలాడుతూ ఉంది.

"ఇయ్యను" అన్నాడు చాంద్ బాషా కొడుతున్న కత్తి ఆపకుండా. "కావాలంటే మీ అయ్యవారినే వచ్చి అడగమను. నీళ్లు తాపించి పంపిస్తా."

నేను బడికి తిరిగి వచ్చి స్టాకు రిజిస్టరు తీసి, తాళం అన్న వరసలో, 'కనిపించుట లేదు' అని నా చేత్తో రాసి సంతకం పెట్టాను.